పోలీసు స్టేషన్‌లో మన పిల్లవాడు

బస్తీలో ఫలానా పిల్లవాణ్ణి పోలీసులు పట్టుకుపోయారన్న కబురు రాగానే మనం ఏం చేస్తాము? వకీలు దగ్గరికి పోము, చట్టం ఏమంటుందో అడగము. తెలిసిన లీడరు ఎవరున్నారా అని వెతుకుతాము. ఆయన ఫోను చేస్తే, ఎవరి చేతిలోనో కొంత పైకం పెడితే, రాత్రికి పిల్లవాడు ఇల్లు చేరతాడు. అల్‌హందులిల్లాహ్, కేసు కాలేదని ఊపిరి పీల్చుకుంటాము. నిజానికి చాలా సందర్భాల్లో ఆ కేసు కట్టడానికి చట్టమే ఒప్పుకోదు. హక్కుగా దక్కవలసినదాన్ని మనం ఉపకారంగా కొనుక్కుంటున్నాము.

2015 నాటి బాల న్యాయ చట్టం, దాని కింద 2016లో కేంద్రం తెచ్చిన నమూనా నిబంధనలు ఈ విషయంలో స్పష్టంగా ఉన్నాయి. 18 ఏళ్లు నిండని పిల్లవాడిపై వచ్చిన ఆరోపణ కనీసం 7 ఏళ్ల శిక్ష పడే ఘోర నేరానిదైతేనో, పెద్దవాళ్లతో కలిసి చేశాడన్నప్పుడో తప్ప ఎఫ్‌ఐఆర్ రాయకూడదు. సంగతి జనరల్ డైరీలో రాసి, పిల్లవాడి ఇంటి పరిస్థితులపై నివేదికతో బాల న్యాయ మండలికి పంపాలి. మామూలు సెల్‌ఫోను దొంగతనం ఆరోపణ ఈ కోవలోదే. లాకప్‌లో పెట్టరాదు, బేడీలు వేయరాదు. పట్టుకుంటే తల్లిదండ్రులకు తెలపాలి, 24 గంటల్లో మండలి ముందుంచాలి. తప్పు రుజువైనా మండలి మందలించి ఇంటికి పంపవచ్చు. ప్రతి స్టేషన్‌లో పిల్లల సంక్షేమ పోలీసు అధికారి ఒకరుండాలి. స్టేషన్‌కు వెళ్లగానే మనం అడగవలసింది ఆయన్ని.

హైదరాబాద్ పాతబస్తీలో పోలీసులు 2015 తర్వాతి ఏళ్లలో 'ఆపరేషన్ చబుత్రా' పేరిట అర్ధరాత్రి అరుగుల మీద, వీధుల్లో కనిపించిన కుర్రాళ్లను పట్టుకొచ్చి, తల్లిదండ్రులను పిలిపించి బుద్ధి చెప్పి పంపారు. కేసుకంటే కౌన్సెలింగే మేలని మేమూ అంటాము. రాత్రి రెండింటికి కొడుకు ఎక్కడున్నాడో తెలియని తండ్రి పోలీసును మాత్రమే నిందిస్తే చెల్లదు కూడా. కానీ అరుగు మీద కూర్చోవడం నేరమేమీ కాదు. నేరం లేనిచోట పిల్లవాణ్ణి వ్యానెక్కిస్తే వాడికి స్టేషన్ అంటే ఉన్న భయం కాస్తా పోతుంది, ఇరుగుపొరుగు నోట చెడ్డపేరు మాత్రం మిగులుతుంది. ఆ నాలుగు మంచి మాటలు ఇంటి ముందో, బడిలోనో, మసీదు కమిటీ పెద్దల సమక్షంలోనో చెబితే సరిపోదా?

ఇక వయసు సంగతి. మీసం మొలిచిన పదహారేళ్ల వాణ్ణి పంతొమ్మిది అని రాసుకుంటే, వాడు పోయేది సైదాబాద్‌లోని బాలుర హోమ్‌కు కాదు, చంచల్‌గూడ జైలుకు. సందేహం వస్తే చట్టం ముందు బడి ధ్రువపత్రం చూడమంటుంది. అది లేకుంటే మున్సిపాలిటీ, పంచాయతీ ఇచ్చిన జనన ధ్రువపత్రం. రెండూ లేకుంటేనే ఎముకల పరీక్ష. ఆ పరీక్ష లెక్క రెండేళ్లు అటూ ఇటూ కావచ్చు. 16 నిండినవాడిపై ఘోర నేరం ఆరోపణ వస్తే పెద్దవాడిలాగే విచారించే వీలు కూడా ఈ చట్టంలోనే ఉంది. మన ఇళ్లలోనేమో, త్వరగా బడిలో చేర్చుకుంటారని ఒక ఏడాది పెంచి అందాజుగా తేదీ రాయిస్తాము! రేపు మండలి ముందు వాడి వయసు అదే అవుతుంది. పుట్టినప్పుడు నమోదు కాకపోయినా ఆలస్యంగా నమోదు చేయించుకునే ఏర్పాటు ఉంది. ఆ కాగితం తెచ్చుకుని, అదే తేదీని బడిలో రాయించండి.