కారుకు కరెంటు సరే, మనిషి మాటేమిటి?

ఆకుపచ్చ నంబరు పలకతో, చప్పుడు లేకుండా సాగిపోయే విద్యుత్ కార్లు నేడు మన రహదారులపై సాధారణ దృశ్యం. పొగగొట్టం లేని వాహనాన్ని చూసి సంతోషించే వైద్యులలో నేనూ ఒకణ్ణి. అయితే ఈ వ్యాసం పొగ గురించి కాదు. ఆ కారు దారిలో చార్జింగు కోసం ఆగే ముప్పావు గంట గురించి. ఆ సమయం కారుకే కాదు, అందులోని మనిషికీ చెందినది. దానిని ఆరోగ్యదాయకంగా మలచుకోవచ్చు, అనారోగ్యానికి దారిగానూ చేసుకోవచ్చు. ఏది జరుగుతుందన్నది కొంత మన చేతిలోనూ, అంతకంటె ఎక్కువగా ఆ కేంద్రాలను నిర్మించేవారి చేతిలోనూ ఉన్నది.

ముందుగా ఒక అనవసర భయాన్ని తొలగించుకుందాము. చార్జరు దగ్గర నిలబడితే ఏవో కిరణాలు సోకుతాయనీ, గుండెకు పేస్‌మేకరు అమర్చుకున్నవారు అటు వెళ్లరాదనీ పలువురు అనుకుంటున్నారు. జర్మనీలోని మ్యూనిక్ హృద్రోగ కేంద్రం వైద్యులు ఈ విషయాన్నే పరీక్షించి, 2023లో ఫలితాలను ప్రకటించారు. పేస్‌మేకరు వంటి పరికరాలున్న 130 మంది చేత 350 కిలోవాట్ల అతివేగ చార్జరుతో మొత్తం 561 సార్లు కార్లను చార్జి చేయించారు. ఒక్కరి పరికరమూ దారితప్పలేదు. మన దారులలో సాధారణంగా కనిపించే చార్జర్ల శక్తి దీనికంటె చాలా తక్కువ. కాబట్టి గన్ తగిలించండి, కేబులును ఛాతీకి ఆనించి పట్టుకోకండి, పని అయిన తరువాత దూరంగా వెళ్లి కూర్చోండి. ఈ జాగ్రత్త చాలును.

వర్షంలో చేయి తగిలితే షాకు కొడుతుందన్న భయమూ ఉన్నది. కారూ చార్జరూ ఒకదానినొకటి గుర్తించి, గన్ బిగుసుకున్న తరువాతనే అందులో విద్యుత్తు ప్రవహిస్తుంది. అయితే పగిలిన గన్, తొడుగు చీలిన కేబులు, నీట మునిగిన నేల కనిపిస్తే మాత్రం ఆ చార్జరును ముట్టవద్దు.

ఇక భయపడవలసిన చోట మనం భయపడటం లేదు. హైదరాబాదు నుంచి విజయవాడకు సుమారు 275 కిలోమీటర్ల దూరం. అనేక విద్యుత్ కార్లలో ఆ దారిలో ఒకసారైనా ఆగి చార్జి చేసుకోవడం వివేకం. ఆ ఆగడం ఎలా జరుగుతుందో మీలో చాలామందికి అనుభవమే. ఒక్కొక్క సంస్థకు ఒక్కొక్క యాప్. ఒక్కొక్క యాప్‌లో ముందుగా డబ్బు వేసుకోవలసిన వాలెట్. ఫోనుకు సిగ్నలు అందని చోట రాని ఓటీపీ. పనిచేస్తున్నదని యాప్ చూపిన చార్జరు తెర నల్లగా మాడిపోయి ఉంటుంది. పనిచేసే రెండవ దానికి అప్పటికే ఒక కారు తగిలించి ఉంటుంది, దాని యజమాని కనిపించడు. మరొక చోట చార్జరు ముందర పెట్రోలు కారును నిలిపి భోజనానికి వెళ్లి ఉంటారు. ఇంతలో బ్యాటరీ అంకె 14 శాతం, తరువాతి చార్జరు 40 కిలోమీటర్లు. ఆ దిగులులో మనిషి తన ఆకలిని, దాహాన్ని, మూత్రవేగాన్ని వాయిదా వేస్తాడు. అనారోగ్యం మొదలయ్యేది ఇక్కడే.

మధుమేహం ఉన్నవారిని తలచుకోండి. ఉదయం ఇన్సులిను గాని, గ్లిమిపిరైడ్ వంటి మాత్ర గాని వేసుకొని బయలుదేరారు. "చార్జింగు పెట్టి తిందాం" అనుకున్నారు. చార్జరు పనిచేయలేదు. "తరువాతి చోట తిందాం" అన్నారు. మందు మాత్రం వాయిదా ఎరుగదు. అది తన పని తాను చేసుకుపోతుంది. రక్తంలో చక్కెర పడిపోయి చెమటలు, వణుకు, చికాకు, కళ్లు మసకబారడం, ఆపైన మతి తప్పడం వరుసగా వస్తాయి. స్టీరింగు పట్టుకున్న మనిషికి ఇది ఎంత ప్రమాదమో వేరే చెప్పనక్కరలేదు. అందుచేత భోజన సమయాన్ని బ్యాటరీ నిర్ణయించరాదు, గడియారమే నిర్ణయించాలి. చేతికందే చోట అరటిపండ్లు, బిస్కెట్లు, కొంచెం పంచదార ఉంచుకోండి. లక్షణాలు కనబడగానే బండిని పక్కకు ఆపి మూడు చెంచాల పంచదార నీటిలో కలుపుకొని తాగండి. పావుగంట తరువాత గ్లూకోమీటరుతో చూసుకోండి. కుదుటపడ్డాక ఏదైనా తిని, ఆ తరువాతనే కదలండి.

స్త్రీల ఇబ్బంది మరొక రకం. దారిలో మరుగుదొడ్డి దొరకదని తెలిసి, బయలుదేరక ముందునుంచే నీళ్లు తాగడం మానేస్తారు. ఎండాకాలంలో ఇది వడదెబ్బకు ఆహ్వానం. మూత్రం చిక్కబడటం, గంటల తరబడి బిగబట్టడం మూత్రనాళ ఇన్ఫెక్షన్లకు, రాళ్లకు అనుకూలిస్తాయి. గర్భిణులకు, ప్రోస్టేటు గ్రంథి పెరిగిన వృద్ధులకు ఈ కష్టం రెండింతలు. చాలా చార్జర్లు పార్కింగు స్థలం చివర, దీపం లేని మూలలో ఉంటాయి. రాత్రివేళ ఒంటరిగా కారు నడిపే స్త్రీ అక్కడ ముప్పావు గంట కూర్చోవలసి రావడం ఎంతటి మానసిక భారమో ఆలోచించండి.

ఇక కూర్చోవడం సంగతి. నాలుగు గంటలు, అంతకు మించి కదలక కూర్చొని ప్రయాణిస్తే కాళ్ల సిరలలో రక్తం గడ్డకట్టే ముప్పు దాదాపు రెట్టింపవుతుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2007లో తెలియజేసింది. ఆరోగ్యవంతులకు అది ఆరువేలమందిలో ఒకరికి వచ్చేపాటి చిన్న ముప్పే. కాని స్థూలకాయులకు, ఇటీవల శస్త్రచికిత్స అయినవారికి, గర్భిణులకు అది తక్కువ కాదు. గన్ తగిలించి మళ్లీ సీటులోనే కూర్చొని ఫోను చూసుకుంటే కారు ఆగినట్టే గాని మీ కాళ్లకు విశ్రాంతి దొరికినట్టు కాదు. పది నిమిషాలు నడవండి. మడమలెత్తి దించండి. నడుమును వెనుకకు వంచండి.

విరామం విలువను చట్టాలు ఎప్పుడో గుర్తించాయి. మన దేశంలో 1961 నాటి మోటారు రవాణా కార్మికుల చట్టం, అయిదు గంటల పని తరువాత కనీసం అరగంట విశ్రాంతి ఇవ్వాలన్నది. ఐరోపా సమాఖ్యలో లారీ, బస్సు డ్రైవర్లు నాలుగున్నర గంటలు నడిపితే 45 నిమిషాలు ఆగి తీరాలి. వేగవంతమైన చార్జరు వద్ద బ్యాటరీ 20 నుంచి 80 శాతానికి చేరడానికి పట్టే సమయమూ ఇంచుమించు అంతే. పెట్రోలు కారు మనచేత ఏకధాటిగా నడిపించేది. విద్యుత్ కారు మనల్ని ఆపుతున్నది. అది లోపమని చాలామంది అంటారు. నేను దానిని వైద్యుడు రాసిచ్చిన మందుచీటీ అంటాను. కాని ఆ మందు పనిచేయాలంటే, ఆగిన చోట మనిషి విశ్రమించే వీలుండాలి.

ఇక్కడే నా అభియోగం. పెట్రోలు బంకులో మనం ఆగేది అయిదు నిమిషాలు. అక్కడ తాగునీరు, మరుగుదొడ్డి, ప్రథమ చికిత్స పెట్టె ఉండాలని చమురు సంస్థల నియమావళి చెబుతున్నది. అమలు ఎలా ఉన్నా, అడగడానికి ఒక ఆధారం ఉన్నది. ముప్పావు గంట ఆగవలసిన చార్జింగు కేంద్రంలో చాలా చోట్ల నీడ సైతం లేదు. 2022లో కేంద్ర విద్యుత్ మంత్రిత్వశాఖ మార్గదర్శకాలు రహదారికి ఇరువైపులా 25 కిలోమీటర్లకు ఒక కేంద్రం ఉండాలన్నాయి. లెక్క మంచిదే. కాని ఎన్ని యంత్రాలు నాటామన్నది ఒక్కటే లెక్క కారాదు. వాటిలో ఎన్ని పనిచేస్తున్నాయి, వాటి పక్కన ఎన్ని మరుగుదొడ్లున్నాయి అన్నదీ లెక్కలోకి రావాలి.

ఇది అసాధ్యమైన కోరిక కాదు. బ్రిటనులో 2023 నాటి నిబంధనలు వేగవంతమైన చార్జర్ల వ్యవస్థ ఏడాదిలో సగటున 99 శాతం సమయం పనిచేయాలనీ, యాప్ లేకున్నా కార్డుతో చెల్లించే వీలుండాలనీ, ఇరవైనాలుగు గంటలూ సహాయ ఫోను అందుబాటులో ఉండాలనీ శాసించాయి. వికలాంగులకు, వృద్ధులకు చార్జర్లు అందుబాటుగా ఉండేందుకు అక్కడ 2022లోనే ఒక ప్రమాణాన్ని రూపొందించారు. తెర ఎంత ఎత్తున ఉండాలి, చక్రాల కుర్చీకి ఎంత చోటు వదలాలి వంటివి అందులో ఉన్నాయి. మన దగ్గర కీళ్లవాతంతో వేళ్లు వంకరలు పోయిన అమ్మమ్మ వయసు స్త్రీ ఆ బరువైన కేబులును ఎత్తి గన్‌ను బిగించగలదా అని ఎవరైనా అడిగారా?

అందరికంటె ఎక్కువగా ఈ కేంద్రాలపై ఆధారపడేవారు టాక్సీ డ్రైవర్లు. ఇంటి దగ్గర చార్జరు పెట్టుకొనే వసతి వారిలో చాలామందికి లేదు. చార్జింగు సమయమే వారికి భోజన సమయం, నిద్రా సమయం. మూసిన గ్యారేజీలో ఇంజను నడుస్తున్న పెట్రోలు కారులో నిద్రపోతే కార్బన్ మోనాక్సైడ్ విషవాయువు ప్రాణం తీయగలదు. విద్యుత్ కారుకు ఆ దోషం లేదు. కాని ముందు సీటులో మెడ వాల్చి తీసే కునుకు వెన్నుకు మేలు చేయదు. నాలుగు బల్లలు, ఒక ఫ్యాను, ఒక కుళాయి ఉంటే రాత్రంతా బండి నడిపే ఆ మనిషి కొంత తేరుకొని బయలుదేరుతాడు. అతని వెనుక సీటులో కూర్చొనేది మనమే.

మీవైపు నుంచి కొన్ని పనులు చేయండి. అడుగంటే దాకా నడపక, 25 శాతం ఉండగానే ఆగే ఏర్పాటు చేసుకోండి. మొదటి చార్జరు పనిచేయకపోయినా దిగులు ఉండదు. బయలుదేరక ముందే యాప్‌లలో డబ్బు వేసుకోండి. మరుగుదొడ్డి ఉన్న కేంద్రాన్నే ఎంచుకోండి, అది నాలుగు రూపాయలు ఎక్కువైనా సరే. నిద్ర ముంచుకొస్తే పావుగంట కునుకు తీయండి. ఏసీ నడుస్తున్నదన్న ధైర్యంతో పసిపిల్లలను, వృద్ధులను కారులో ఒంటరిగా వదలకండి. 80 శాతం దాటిన తరువాత చార్జింగు బాగా నెమ్మదిస్తుంది. వెనుక ఎవరైనా వేచి ఉంటే గన్ తీసి చోటివ్వండి. ఆ వేచి ఉన్న మనిషి ఉదయం మాత్ర వేసుకొని ఇంకా తినని మధుమేహ రోగి కావచ్చును.

కేంద్రం బాగా లేకుంటే మౌనంగా వెళ్లిపోకండి. యాప్‌లో అభిప్రాయం రాసేటప్పుడు "చార్జరు పనిచేసింది" అని మాత్రమే రాయకండి. మరుగుదొడ్డి ఉన్నదా, దీపం ఉన్నదా, కూర్చోవడానికి నీడ ఉన్నదా అన్నదీ రాయండి. మనం అడగనిదే ఎవరూ కట్టరు.