పనిచేయు తల్లుల ఉడుపు

బోరబండ రైలు స్టేషను దాటిన వెంటనే వచ్చునది హైటెక్ సిటీ స్టేషను. ఈ రెంటి నడుమ ప్రయాణము కొద్ది నిమిషములు మాత్రమే. కాని ఈ రెండు తావుల జీవనమునకు నడుమ గల దూరము రైలుబండి కొలువజాలనిది. ఒకవైపున ఇరుకు సందులు, ఒకటి రెండు గదుల అద్దె యిండ్లు, నల్లానీటికై కనిపెట్టుకొనియుండు బిందెలు. రెండవవైపున 1998వ సంవత్సరమున ప్రధాని వాజపేయిగారు ప్రారంభించిన సైబర్ టవర్సు మొదలుకొని వరుసగా లేచిన అద్దాల మేడలు. ఉదయము ఎనిమిది గంటల వేళ బోరబండ స్టేషనులో నిలిచి చూచువారికి, ఈ మొదటి లోకమునుండి రెండవ లోకమునకు తరలిపోవు తల్లులు కానవత్తురు. బిడ్డలను బడికి పంపి, అన్నపు డబ్బా సంచిలో నుంచుకొని, తడియారని జడను ముడివేసికొనుచు వారు బండి యెక్కుదురు. వారిలో కొందరు లెక్కలు వ్రాయువారు, కొందరు కచేరీ వాకిట వచ్చినవారిని పలుకరించి పేరు వ్రాసికొనువారు, కొందరు దుకాణములలో సరకు చూపువారు, కొందరు అంతస్తుల శుభ్రతను కనిపెట్టి చూచువారు. పనులు వేరైనను ఆ మేడలు వీరందరిని అడుగునది యొకటి కలదు: చూచుటకు తీరుగా నుండవలెను.

రాజ్యవిషయములను చర్చింపవలసిన ఈ పుటలో చీర మడతల ప్రసంగ మేలయని కొందరు చదువరులు నవ్వవచ్చును. పురుషులమగు మాకు స్త్రీల వేషధారణమును గూర్చి మాటలాడు అధికార మెక్కడిదని సోదరీమణులు ప్రశ్నింపవచ్చును. ఈ రెండవ ప్రశ్న న్యాయమైనది. మేము ఉపదేశింపబూనుట లేదు. మా యొద్దకు వచ్చిన ఒక చిన్న వ్యవహారమును విన్నవించి, అందువలన మాకు తోచిన విషయములను చదువరుల యెదుట నుంచుచున్నాము. అందు నిందార్హులు ముఖ్యముగా పురుషులే యని ముందుగనే ఒప్పుకొనుచున్నాము.

బోరబండ నివాసిని, ఇద్దరు బిడ్డల తల్లి యొకామె కొంతకాలము క్రిందట మా కచేరీకి వచ్చినది. ఆమె ఒక సంస్థ వాకిట వచ్చినవారిని పలుకరించు ఉద్యోగిని. ఒకనాటి రాత్రి పెద్దబిడ్డకు జ్వరము తగిలి తెల్లవార్లు కునుకు లేకుండెను. ఉదయమున ఇస్త్రీ చేయుటకు వ్యవధి లేక నలిగిన చీరతోనే పనికి పోయినది. పైయధికారి ఆమెను ఎగాదిగా చూచి, ఈ వేషముతో వాకిట నిలువరాదని వెనుకకు పంపినాడు. నెల చివర సగము దినపు జీతము తగ్గినది. ఆ యవమానమునకు తాళజాలక ఆమె ఫోనులో వాయిదాలమీద ఆరు జతల మెరుపు దుస్తులు తెప్పించుకొన్నది. నాలుగు ఉతుకులకు వాని మెరుపు పోయినది, కుట్లు జారినవి. వాయిదాలు మాత్రము నిలిచియున్నవి. వ్యాజ్యము వేయుడని ఆమె మమ్ము కోరలేదు. "చీర నలిగితే జీతం కోస్తరా సార్? అట్ల చట్టంల ఉన్నదా?" యని మాత్రమే యడిగినది.

చట్టములో నట్లు లేదు. 1936 నాటి వేతన చెల్లింపుల చట్టమందును, దాని స్థానమున వచ్చిన 2019 నాటి వేతనముల కోడునందును, యజమాని తన యిచ్చవచ్చినట్లు జుల్మానా విధించుటకు వీలులేదు. ఏయే తప్పులకు జుల్మానా కలదో ముందుగా ప్రభుత్వముచే ఆమోదింపజేసికొనవలెను. ఆ పట్టికను పనిచేయు చోట ప్రకటింపవలెను. ఉద్యోగికి సంజాయిషీ చెప్పుకొను అవకాశము నీయవలెను. ఇంత చేసినను ఆ జుల్మానా ఆ నెల వేతనములో నూటికి 3 వంతులకు మించరాదు. పనికి రాని కాలమునకు జీతము తగ్గింపవచ్చును గాని, వేళకు వచ్చినవారిని వాకిటనుండి మరలించి, రాలేదని వ్రాసికొనుట న్యాయమని మే మెన్నడును అంగీకరింపము. ఈ సంగతి వివరించుచు ఆ సంస్థకు ఒక లేఖ వ్రాసితిమి.

అయితే లేఖ చేయగల మేలు స్వల్పము. మరునాటి ఉదయము ఆమె మరల ఆ వాకిట నిలువవలసినదే. కావున తక్కువ సొమ్ముతో, తక్కువ వ్యవధిలో, తలయెత్తుకొని నిలువదగిన ఉడుపు ఎట్లు సమకూరునను ప్రశ్న మిగిలియే యున్నది. ఇది అలంకార ప్రీతికి సంబంధించిన ప్రశ్న కాదు. చూచువారు ముందు ఉడుపునే చూచి, తరువాత మనిషిని చూచు లోకములో ఇది జీవనోపాధికిని గౌరవమునకును సంబంధించిన ప్రశ్న.

బజారు చూపు త్రోవలు రెండు. మొదటిది వాయిదాల త్రోవ. నేడు కొని రేపు చెల్లింపుమని ఫోను పిలుచును. చిన్న మొత్తములుగా కనబడు వాయిదాలు నాలుగైదు చోట్ల పేరుకొన్నపుడు జీతము రాకమునుపే కరిగిపోవును. రెండవది లేపనముల త్రోవ. మేని రంగు మారిననే గౌరవము కలుగునని చెప్పు ప్రకటనలు మన యాడబిడ్డలను దశాబ్దములుగా వేధించినవి. ఫెయిర్ అండ్ లవ్‌లీ యను లేపనము 2020వ సంవత్సరమున గ్లో అండ్ లవ్‌లీ యని పేరు మార్చుకొన్నది. పేరు మారినను బజారులోని ఆ తలపు మారలేదు. ప్రసిద్ధములగు కంపెనీల సరకు సంగతి యటుంచి, ఎక్కడ తయారైనవో తెలియని డబ్బాలు మరింత భయంకరములు. 2023వ సంవత్సరమున కేరళములోని మలప్పురము జిల్లాలో అట్టి తెలుపు లేపనములు వాడిన కొందరికి మూత్రపిండముల వ్యాధి కలిగినట్లు వైద్యులు గుర్తించి, అందలి పాదరసమును అనుమానించిరి. తల్లి ముఖమునకు కావలసినది నిద్ర, మంచినీరు, వేళకు ఇంత అన్నము. వీనిని అమ్ము డబ్బా ఏదియు లేదు.

మూడవ త్రోవ మన పెద్దలెరిగినదే: కొద్దిపాటి బట్టలు, మంచి బట్టలు, శ్రద్ధగా కాపాడుకొన్న బట్టలు. ఒక లెక్క వేసి చూతము. 300 రూపాయల మెరుపు చీర పది కట్టులకే వెలిసి మూలబడినచో, ఒక్కొక్క కట్టునకు 30 రూపాయలు పడినవి. 1200 రూపాయల నూలు చీరను వారమున కొకసారి చొప్పున రెండేండ్లు కట్టినచో నూరు కట్టులు దాటును; ఒక్కొక్క కట్టునకు 12 రూపాయలైనను పడదు. చౌక యేదో, ప్రియమేదో ఈ లెక్కయే చెప్పును. బీదవారి కష్టము వేరు: 1200 రూపాయలు ఒక్కసారిగా చేతినుండి తీయుట. ఆ కష్టమునే ఎరగా చేసికొని వాయిదాలవాడు వల పన్నును. వానికి కట్టదలచిన 300 రూపాయలనే నెలనెల తనయొద్ద దాచుకొన్నచో నాలుగు నెలలకు ఒక మంచి చీర వచ్చును. ఏడాదికి మూడు చీరలు. అప్పు లేదు, వడ్డీ లేదు.

వారమున ఐదారు దినములకు ఐదారు చీరలో, కుర్తాలో చాలును. మంగళగిరి నూలు చీరకు నడుమ నకాషీ యుండదు. సాదా వస్త్రమునకు జరీ యంచు మాత్రమే. అందుచేత అది కచేరీకిని పెండ్లికిని సమముగా తగును. పోచంపల్లి చిటికీ పనిలో దారమును నేయక ముందే ముడులు కట్టి రంగులద్దుదురు గనుక అందము రెండువైపులను ఒక్కరీతిగా కానవచ్చును. అచ్చు వేసిన నకిలీ చీరను తిరగవేసినచో వెనుకవైపు వెలవెల పోయి యుండును. కొనువారు ఈ యొక్క పరీక్ష యెరిగిన చాలును, మోసపోరు. నల్లది యొకటి, లేత పసుపుది యొకటి, రెండు సాదా రవికలు ఒంటికి సరిగా కుట్టించుకొన్నచో అవి పెక్కు చీరలకు జతయగును. కొలతకు తగినట్లు కుట్టిన చౌక బట్ట, కొలత తప్పిన ఖరీదైన బట్టకన్న ఎన్నో రెట్లు హుందాగా నుండును. వీథి చివరి దర్జీకి ఇచ్చు కూలి యీ విషయమున వ్యర్థము కాదు.

కాపాడుకొనుట కూడ కష్టమైన విద్య కాదు. కొత్త నూలు చీరను మొదటిసారి విడిగా చన్నీట నానబెట్టవలెను. నీడన ఆరవేయవలెను. పలుచని గంజి పెట్టి, కొంచెము తడి యుండగనే లాగి మడిచిన, ఇస్త్రీ పని సగము తీరును. కుక్కరు వచ్చిన పిదప గంజి వార్చుట తగ్గినది గాని, గుప్పెడు సగ్గుబియ్యము ఉడికించిన ఆ పని జరుగును. ఊడిన గుండీ, జారిన అంచు ఆదివారమునాడే చూచుకొని, వారమునకు కావలసిన జతలను వరుసగా పేర్చిన, ఉదయమున వెదకులాట యుండదు.

ఇందు మరియొక విశేషము కలదు. 2019-20లో జరిగిన నాల్గవ అఖిలభారత చేనేత గణన ప్రకారము మన దేశమున చేనేతను, దాని యనుబంధ వృత్తులను నమ్ముకొన్నవారు 35 లక్షలకు పైబడియున్నారు. వారిలో నూటికి 72 మంది స్త్రీలు. బోరబండ తల్లి కొను నూలు చీరలో, ఎక్కడనో బిడ్డను ఊయలలో నుంచి నూలు చుట్టిన మరియొక తల్లి శ్రమ కలదు. 1905 ఆగస్టు 7వ తేదీన కలకత్తా టౌనుహాలులో మొదలైన స్వదేశీ యుద్యమమును స్మరించి, 2015 నుండి ఆ దినమును జాతీయ చేనేత దినముగా జరుపుచున్నారు. ఆ దినమున నాయకులు నూలు కండువలతో ఉపన్యసింతురు. మరునాడు ఆ కండువలు పెట్టెలకు చేరును. వారమున కొకసారి నూలు చీర కట్టి పనికి పోవు తల్లి, ఉపన్యాస మేదియు లేకయే ఆ దినమును ఏడాది పొడుగున నిలుపుచున్నది.

ఇంతవరకును సొమ్ము మాట. అసలు లోపము సొమ్ము కాదు, కాలము. 2024లో కేంద్ర ప్రభుత్వము జరిపిన కాల వినియోగపు పరిశీలనలో, ఇంటి పనులు చేయువారిలో స్త్రీ దినమునకు సగటున 289 నిమిషములు, పురుషుడు 88 నిమిషములు ఆ పనులకు వెచ్చించుచున్నట్లు తేలినది. తేడా 201 నిమిషములు. చీర ఇస్త్రీకి పది నిమిషములు చాలును. తల దువ్వుకొని అద్దము చూచుకొనుటకు మరి పది. ఆ యిరువది నిమిషములు ఈ 201 నిమిషములలో చిక్కువడి యున్నవి. మనము కాఫీ త్రాగుచు పత్రిక చదువుకొను సమయమే ఆమెకు లేని సమయము. ఆమె చీర నలిగినదన్నచో ఆ ముడుతలలో మన పాలు కలదు. అన్నపు డబ్బా కట్టుట, బిడ్డకు తలదువ్వుట, తన చొక్కా తానే ఇస్త్రీ చేసికొనుట మగవానికి తలవంపులైన పనులు కావు.

యజమానులకును మేము చెప్పవలసినది కలదు. 50 మందియో, అంతకు మించియో ఉద్యోగులు గల సంస్థ శిశుగృహ సౌకర్యము కల్పింపవలెనని 2017 నాటి ప్రసూతి ప్రయోజన చట్ట సవరణ విధించినది. 2020 నాటి సామాజిక భద్రతా కోడునందును ఆ నిబంధన చేరినది. తల్లి దినమునకు నాలుగుసార్లు పోయి బిడ్డను చూచి రావచ్చును. గుత్తేదారు ద్వారా వచ్చినదను నెపమున వాకిట నిలుచు తల్లి బిడ్డకు ఆ గది తలుపు మూయబడరాదు. ఒక తీరైన ఉడుపే కావలెనని పట్టుబట్టు సంస్థ దాని ఖర్చు కొంత భరింపవలెను. రైలులో నలిగి వచ్చినవారు సరిచేసికొనుటకు ఒక అద్దము, ఒక ఇస్త్రీపెట్టె, ఐదు నిమిషముల వ్యవధి యిచ్చుటకు అద్దాల మేడలకు లోటేమి? అద్దములు వారియొద్ద కావలసినన్ని యున్నవి.

మా లేఖకు ప్రత్యుత్తరము రాలేదు గాని, మరు నెలలో ఆ సగము దినపు జీతము చేరినదని ఆమె వచ్చి చెప్పినది. వాయిదాలు ఇంకను రెండు మిగిలియున్నవట. అవి తీరిన పిదప ఒక నూలు చీరకై దాచుకొనునట. రాత్రిపూట ఇస్త్రీపెట్టె ఇపుడు ఆమె భర్త చేతికి వచ్చినదట. మొదటి దినమున ఒక కొంగు కాల్చినాడట. పిదప కుదిరినదని నవ్వుచు చెప్పినది.

పఠనమందిరములలో ఈ పుట చదువు సోదరులను మేము కోరునది యొక్కటే. రేపటి ఉదయము పత్రికకై ఇల్లు విడుచుటకు ముందు ఒక్కసారి ఇంటిలోనికి చూడుడు. అక్కడ మడత పెట్టవలసిన చీర యొకటి యున్నచో, దానిని ముగించి రండు. పత్రిక ఎక్కడికిని పోదు.