పొగ గొట్టం దులిపారా?

వంటింట్లో గ్యాస్ పొయ్యి. వాకిట్లో కట్టెల పొయ్యి! చేవెళ్ల, మొయినాబాద్ పల్లెల్లో ఈ రెండూ ఉన్న ఇళ్లకు కొదవలేదు. చాయ్‌కీ కూరకీ సిలిండరే. కాగులో నీళ్లు కాగాలన్నా, ఇంటిల్లిపాదికీ జొన్నరొట్టెలు కాలాలన్నా మాత్రం పత్తికట్టె అంటుకోవాల్సిందే. దాంతోపాటే పొగ... కళ్లను మండించి, ఊపిరితిత్తుల్లో చేరే పొగ.

దీనికి విరుగుడు మన దగ్గరే పుట్టింది. హైదరాబాద్ ఇంజినీరింగ్ పరిశోధనాశాలకు చెందిన డాక్టర్ ఎస్.పి.రాజు మట్టితో కట్టుకునే పొగలేని పొయ్యిని రూపొందించారు. 1953లో దానిమీద పుస్తకమే తెచ్చారు. ఒకే మంటకు వరసగా గిన్నెలు, చివర పొగ గొట్టం... అంతే! 1980ల్లో కేంద్రం ఇలాంటి పొయ్యిల కోసం జాతీయ పథకమే పెట్టింది. 2002లో అది ఆగేలోగా దేశంలో మూడు కోట్లకు పైగా పొయ్యిలు కట్టారు.

మరి పొగ ఎందుకు పోలేదు? ఒడిశాలో ఆర్థికవేత్త ఎస్తర్ డఫ్లో బృందం ఇలాంటి పొయ్యిలనే నాలుగేళ్లపాటు గమనించింది. మొదటి ఏడాది ఆడవాళ్లు పీల్చే పొగ తగ్గింది. ఆ తర్వాత ఆ లాభం నిలవలేదు. పొయ్యిని సరిగా వాడేవాళ్లు, బాగు చేయించుకునేవాళ్లు తగ్గిపోవడమే కారణం!

ఖరీదైన పొయ్యికీ ఈ తిప్పలు తప్పవు. అమెరికాలో కొన్ని కట్టెల పొయ్యిల్లో తేనెపట్టులాంటి పింగాణీ జల్లెడ ఉంటుంది. దానికి పల్లాడియం, ప్లాటినం పూత. అది తక్కువ వేడికే పొగను మండించేస్తుంది. బూడిద పేరుకుంటే మెత్తటి కుంచెతో దులపాలి. రంగు వేసిన చెక్క, ప్లాస్టిక్ వేస్తే పూత పాడవుతుంది. కొన్నేళ్లకు జల్లెడనే మార్చాలి.

మన మట్టిపొయ్యికి అంత ఖర్చు లేదు. కాస్త ఓపిక చాలు.

* నెలకోసారి, పొయ్యి పూర్తిగా చల్లారాక గొట్టంలో మసి దులపండి. పొయ్యి నోట్లోంచి పొగ వెనక్కి తన్నితే గొట్టం పూడుకుపోతున్నట్టే!

* బీటలు పడితే మట్టితో మెత్తండి. గిన్నె పెట్టని కన్నాన్ని మూతతో మూసేయండి.

* పచ్చికట్టె వద్దు. మంట అంటించడానికి ప్లాస్టిక్ కవర్లు అసలే వద్దు.

* గొట్టం పైకొస కప్పుకన్నా ఎత్తులో ఉండాలి. లేకపోతే గాలికి పొగ మళ్లీ ఇంట్లోకే!

అన్నట్టు, రొట్టెలు తినేది ఇంట్లో అందరూ... పొగ మింగేది ఒక్కరే. అందుకే, నిచ్చెనెక్కి గొట్టం దులిపే పనైనా మగవాళ్లు అందుకుంటే మంచిది కదూ!