సడలింపు కాదు, సమయం కావాలి

పిహెచ్‌డి పూర్తిచేయడానికి ఆడవాళ్లకి రెండేళ్లు అదనంగా ఇచ్చాక ఇంకేం కావాలి అంటుంటారు మగ సహోద్యోగులు. యూజీసీ 2022 నిబంధనల ప్రకారం గడువు ఆరేళ్లు. మళ్లీ రిజిస్టర్ చేసుకుంటే ఇంకో రెండేళ్లు. స్త్రీలకు ఆపైన మరో రెండేళ్లు. మొత్తం పదేళ్లు దాటకూడదు. పదిహేనేళ్లు డిగ్రీ కాలేజీలో పాఠాలు చెప్పి, మళ్లీ విద్యార్థినిగా పార్ట్‌టైమ్ పరిశోధనలో చేరినదాన్ని కాబట్టి ఈ ఔదార్యం గురించి మాట్లాడాలి.

ఈ రెండేళ్లు ఎందుకిచ్చినట్లు? ఇల్లూ, పిల్లలూ, ముసలివాళ్ల సేవా ఆడవాళ్ల పనేనని నిబంధన ముందే ఒప్పేసుకుంది. ఆ పని పంచుకోమని ఎవరికీ చెప్పదు. అదంతా చేసుకుంటూనే మెల్లగా చదువుకో అంటుంది. రోజులో ఒక్క గంట పెరగదు, అలసట మాత్రం రెండేళ్లు పెరుగుతుంది. సడలింపు తీసేయమనడం లేదు. దాన్ని సమానత్వం అని పిలవొద్దంటున్నాను.

ఉద్యోగం చేస్తూ చేరేవాళ్లు పనిచేసేచోటి నుంచి నిరభ్యంతర పత్రం తేవాలి. ఉద్యోగ బాధ్యతల మధ్య పరిశోధనకి తగినంత సమయం దొరుకుతుందనీ, అవసరమైతే కోర్సువర్క్ కోసం రిలీవ్ చేస్తామనీ అందులో రాసివ్వాలి. సంతకం పడింది. ఆ తర్వాత నాకు ఒక్క పీరియడ్ తగ్గలేదు. న్యాక్ ఫైళ్లూ, పరీక్షల డ్యూటీలూ, 'మేడమ్, మీరైతే శ్రద్ధగా చేస్తారు' అంటూ వచ్చిపడే కమిటీలూ తగ్గలేదు. ఇంటి నుంచి నిరభ్యంతర పత్రం మాత్రం ఎవరూ అడగరు. అడిగితే, వంటింటి నుంచి రిలీవ్ చేస్తామని ఏ ఇల్లు రాసిస్తుంది?

పీరియడ్ లెక్కన డబ్బులొచ్చే గెస్ట్ లెక్చరర్ సంగతి మరీ అన్యాయం. ఆమెను రిలీవ్ చేయడమంటే ఆ రోజుల కూలి పోవడమే. ఆమెను వదిలేసి మాట్లాడితే మన స్త్రీవాదం రెగ్యులర్ పోస్టుల దగ్గరే ఆగిపోతుంది.

దుర్గాబాయి దేశ్‌ముఖ్‌ని మనకి పట్టుదలకు ఉదాహరణగా చూపిస్తారు. కాకినాడలో చిన్నవయసులోనే ఆడవాళ్లకి హిందీ బడి నడిపిన ఆమె, ఉప్పు సత్యాగ్రహంలో జైలుకెళ్లి వచ్చాక మళ్లీ విద్యార్థిని అయింది. బెనారస్ మెట్రిక్, ఆంధ్ర విశ్వవిద్యాలయంలో బి.ఎ., మద్రాసులో లా చదివింది. అయితే మిగతా ఆడవాళ్లకి 'పట్టుదల పెంచుకోండి' అని చెప్పి ఊరుకోలేదు. 1937లో మద్రాసులో ఆంధ్ర మహిళా సభ పెట్టి, స్త్రీలని మెట్రిక్‌కి తయారుచేసే తరగతులు నడిపింది. ఆమె అధ్యక్షురాలిగా ఉన్న కేంద్ర సాంఘిక సంక్షేమ బోర్డు 1958లో, చదువు మధ్యలో ఆగిపోయిన స్త్రీల కోసం ప్రత్యేకంగా సంక్షిప్త కోర్సులు మొదలుపెట్టింది. స్త్రీల జీవితానికి తగ్గట్టు మారాల్సింది చదువు చెప్పే ఏర్పాటేనని చేసి చూపించింది. ఆ సగం కథ మనకెందుకు చెప్పరు?

ఇది ఒక డిగ్రీ గొడవ కాదు. యూజీసీ 2018 నిబంధనల ప్రకారం డాక్టరేట్ లేనిదే అసోసియేట్ ప్రొఫెసర్‌గా పదోన్నతి లేదు. డాక్టరేట్ లేనివాళ్లు గైడూ కాలేరు. మధ్యలో మానేసిన ప్రతి స్త్రీతోపాటు, రేపు ఏది పరిశోధనాంశమో, ఏది కాదో తేల్చే గదిలో ఒక కుర్చీ మనకి పోతుంది.

అందుకే జీతంతో అధ్యయన సెలవు కావాలి. ఆ కాలానికి పాఠాలు చెప్పే మనిషిని నియమించాలి. గెస్ట్, కాంట్రాక్ట్ అధ్యాపకులకీ ఇదే హక్కు ఉండాలి. క్యాంపస్‌లో పిల్లల్ని చూసుకునే కేంద్రం ఉండాలి. ఇంటిపనిలో సగం మగవాళ్లు చేయాలి. ఇవన్నీ ఇచ్చాక అదనపు ఏళ్లు ఎంతమందికి అవసరమో లెక్కపెడదాం.