సముద్రం పాలు

ఈసారి కొంచెం కోపంగా రాస్తున్నాను. కోపం వస్తే నాకు తెలుగు కన్నా ఇంగ్లీషే ముందు వస్తుంది. అందుకే ఈ నాలుగు పేజీలకు నాలుగు రోజులు పట్టింది. తప్పులుంటే ఎప్పటిలాగే దిద్దండి.

శనివారం గుడి వంటింట్లో బెండకాయలు తరుగుతున్నాం. నా పక్కన ఒక పెద్దాయన. ఆంధ్రలో నీటిపారుదల శాఖలో ఇంజనీరుగా రిటైరై, కూతురి దగ్గర ఆరు నెలలు ఉండడానికి వచ్చారు. మంచి మనిషి. నా తెలుగును చూసి నవ్వని కొద్దిమందిలో ఒకరు. నా ఫోనులో ఫొటో చూశారు. చుట్టూ నీళ్లు, మధ్యలో ఒక నిచ్చెన, నిచ్చెన మీద నేను, చేతిలో పొడుగాటి రాడ్డు.

"ఇదేం సర్కస్ అండీ?" అన్నారు.

పిరమిడ్ లేక్ అని చెప్పాను. నెవాడాలో, రీనో ఊరు దాటి ఈశాన్యంగా ఎడారిలోకి వెళ్లాలి. కాలిఫోర్నియాలో మా ఇంటి నుంచి కొండలు దాటి సుమారు మూడు గంటలు. అక్కడ ట్రౌట్ చేపలు పడతాను, ఫ్లై ఫిషింగ్ అంటారు అన్నాను. (గుడిలో సేవ చేసేవాడివి, చేపలు పట్టడమేమిటి అని అడిగేవాళ్లకు ఇంకో రోజు జవాబు చెప్తాను. ఇవాళ గొడవ అది కాదు.)

ఆయన ఇంజనీరు కదా, చేప గురించి అడగలేదు, నీళ్ల గురించి అడిగారు. నీళ్లు ఎక్కడి నుంచి వస్తాయి? టాహో సరస్సులో పుట్టిన ట్రకీ నది నుంచి. ఆ నది తర్వాత ఎక్కడికి పోతుంది? ఎక్కడికీ పోదండీ, ఈ సరస్సుతోనే ఆఖరు, ఆపైన ఎండకు ఆవిరవడమే. మరి ఆ నీళ్లు తాగొచ్చా? ఉప్పు. సముద్రమంత కాదు, అందులో ఆరో వంతు. పొలాలకు? పనికిరావు.

"అయితే నది అంతా వృథాయే కదండీ," అన్నారు.

ఆ మాట అని, బెండకాయ తొడిమలు బుట్టలో పడేశారు. నేను ఏమీ అనలేదు. ఆ వయసు మనిషితో వాదించేంత తెలుగు నాకు అప్పటికప్పుడు రాదు. ఇప్పుడు రాస్తున్నాను.

ముందు ఆ సరస్సు ఎలా ఉంటుందో చెప్పాలి. నవంబరు చివర్లో తెల్లవారుజామున అయిదున్నరకు ఒడ్డున ఇంకా చీకటే. చెట్టు ఒక్కటి కూడా ఉండదు. చుట్టూ గోధుమరంగు కొండలు, గడ్డి పొదలు. నీళ్లలోంచి సున్నపు రాళ్లు గుట్టలుగా లేచి ఉంటాయి, టూఫా అంటారు. వాటిలో ఒకటి పిరమిడ్‌లా ఉందని 1844 జనవరిలో ఇటు వచ్చిన ఫ్రీమాంట్ అనే సైనికాధికారి ఈ పేరు పెట్టాడు. అప్పటికే అక్కడ పైయూట్ జనం ఉన్నారు. సరస్సుకు వాళ్ల పేరు వాళ్లకుంది. ఫ్రీమాంట్‌కూ అతని మనుషులకూ తినడానికి ఈ ట్రౌట్ చేపలు ఇచ్చింది వాళ్లే.

నిచ్చెన ఎందుకంటే, ఒడ్డు దగ్గర నేల చాలా దూరం లోతులేకుండా ఉండి, ఉన్నట్టుండి లోతుకు దిగిపోతుంది. చేపలు ఆ అంచు వెంబడే తిరుగుతాయి. ఎండాకాలమంతా పైనీళ్లు వేడెక్కి అవి అడుగున ఉంటాయి. అక్టోబరు, నవంబరుల్లో నీళ్లు చల్లబడ్డాక చిన్న చేపల్ని తినడానికి ఒడ్డుకు వస్తాయి. మనం రబ్బరు ప్యాంటు లాంటి వేడర్లు వేసుకుని, నిచ్చెన మోసుకుంటూ నడుము లోతు దాకా నడిచి, ఆ అంచు దగ్గర దాన్ని నాటి, ఎక్కి నిలబడాలి. కింద ఉంటే చలికి అరగంట ఆగలేం, అల వచ్చి కొట్టిందంటే పడిపోతాం. నల్లటి ఈకలూ దారమూ చుట్టి చేసిన దొంగ పురుగును బరువైన లైనుతో అరవై డెబ్బై అడుగుల దూరం విసిరి, మునగనిచ్చి, కొంచెం కొంచెంగా లాక్కోవాలి. మళ్లీ విసరాలి. రాడ్డు రింగుల్లో మంచు గడ్డ కడుతుంది. దాన్ని నోటితో ఊది కరిగించాలి. నా మోకాళ్లు ఇంకెన్నేళ్లు ఒప్పుకుంటాయో తెలియదు.

ఆ గురువారం నాలుగు గంటల్లో ఒకే ఒక్క చేప పడింది. ఎనిమిది పౌండ్లు ఉంటుందేమో, తూచలేదు. వెనక్కి తిరిగిన ముల్లు లేని గాలమే వాడాలన్నది అక్కడి రూలు, అందుకే తేలిగ్గా ఊడి వచ్చింది. ఒళ్లంతా రాగి రంగు, నల్ల చుక్కలు, దవడ కింద కత్తితో గీసినట్టు ఎర్రటి గీత. ఆ గీత వల్లే కట్‌త్రోట్ అని పేరు. నీళ్లలోనే పట్టుకుని వదిలేశాను. తోకతో నా మొహం మీద ఉప్పునీళ్లు కొట్టి పోయింది.

"నది అంతా వృథా" అంటే ఆ చేప కూడా వృథా అని అర్థం. ఇది నా ఊహ కాదు. ఒకసారి నిజంగానే అలా అనుకున్నారు, అలాగే చేశారు.

1902లో అమెరికాలో ఒక చట్టం వచ్చింది. ఎడారుల్లో డ్యాములు కట్టి పొలాలు చేయడానికి. ఆ చట్టాన్ని నడిపించింది నెవాడా ప్రతినిధి న్యూలాండ్స్. మొదటి పనుల్లో ఒకటి 1905లో ట్రకీ నది మీద కట్టిన డెర్బీ డ్యాము. నదిలో సగం దాకా నీళ్లు కాలువలో వేరే లోయకు పోయాయి, పశువుల మేతకు అల్ఫాల్ఫా పండించడానికి. ఎడారిలో ఇంకిపోయే నీళ్లే కదా, ఎవరికి నష్టం అనుకున్నారు. సరస్సు దిగిపోతూ వచ్చింది. 1960ల నాటికి దాదాపు 80 అడుగులు దిగింది. పక్కనే విన్నెమక్క అని ఇంకో సరస్సు ఉండేది, దీని పొర్లు నీళ్లతో నిండేది. అది పూర్తిగా ఎండిపోయింది. ఇప్పుడు దాని పక్కగా రోడ్డు పోతుంది, కారులోంచి తెల్లటి నేల కనిపిస్తుంది.

ట్రౌట్ గుడ్లు పెట్టడానికి నదికి ఎదురెక్కాలి. నీళ్లు దిగేసరికి నది సరస్సులో కలిసే చోట మేట వేసి దారి మూసుకుపోయింది. దాటిన చేపకు పైన డ్యాము అడ్డం. 1925లో స్కిమ్మర్‌హార్న్ అనే పైయూట్ మనిషి అక్కడ 41 పౌండ్ల ట్రౌట్‌ను పట్టాడు. ఈ రకంలో ఇప్పటికీ అదే ప్రపంచ రికార్డు. అంత పెద్ద చేప ఉన్న సరస్సు. 1938లో ఆఖరిసారి నది ఎక్కాయి. 1940ల మొదట్లోకి ఆ చేప సరస్సులో లేదు. ఇరవై ఏళ్లు కూడా పట్టలేదు.

అక్కడే క్వీవీ అని ఇంకో చేప ఉంది. ప్రపంచంలో ఇంకెక్కడా లేదు. ఆ ఒడ్డు పైయూట్లు తమను తాము పిలుచుకునే పేరుకు అర్థమే "క్వీవీ తినేవాళ్లు". ఆ చేప నలభై ఏళ్లు బతుకుతుంది. అందుకే మిగిలింది. నదిలో నీళ్లు రాని ఏళ్లన్నీ గుడ్లు పెట్టకుండా కాచుకుని కూర్చుంది. ఇది చదివిన రోజు నాకు రాత్రి నిద్ర పట్టలేదు. నిజం చెప్తున్నాను.

ఇక ఇంజనీరు గారి మాటకు వస్తాను. ఆ మాట ఆయన సొంతం కాదు. మన పేపర్లది.

మీలో చాలామందిలాగే నేనూ పెద్దయ్యాకే తెలుగు చదవడం నేర్చుకున్నాను. మా బడిలో తెలుగు మాట్లాడితే పావలా ఫైను. రిటైరయ్యాక పేపరు హెడ్డింగులతో మొదలుపెట్టాను, అక్షరాలు పెద్దగా ఉంటాయని. వర్షాకాలం వస్తే చాలు, ఒకటే హెడ్డింగు: గోదావరి జలాలు సముద్రం పాలు. మొదటిసారి చదివినప్పుడు సముద్రంలో పాలేమిటి, పాలసముద్రం కథేమో అనుకున్నాను. నవ్వండి, పరవాలేదు. తర్వాత మా అక్క ఫోనులో చెప్పింది, "ఒరేయ్, అది తాగే పాలు కాదురా. దొంగల పాలు, బూడిద పాలు అంటాం చూడు, అలా. పోయింది అని."

ఆ కింద వార్తలో ఇన్ని వందల టీఎంసీలు వృథా అని ఉంటుంది. ఒక టీఎంసీ అంటే వంద కోట్ల ఘనపుటడుగులు. చదివితే ఎవరికైనా గుండె చెరువవుతుంది. కానీ అదే పేపరులో, అదే నెలలో, లోపలి పేజీలో ఇంకో వార్త ఉంటుంది. పులస దొరకడం లేదు, ఒక్క చేప ఇన్ని వేలు పలికింది. పుస్తెలమ్మి అయినా పులస తినాలనే సామెత కూడా తప్పకుండా వేస్తారు. పులస ఎక్కడిది? సముద్రంలో ఇలసగా ఉండి, వరద నీళ్లు సముద్రంలోకి వచ్చినప్పుడు ఆ ఎర్రనీళ్లకు ఎదురీది గోదావరిలోకి గుడ్లు పెట్టడానికి వస్తుంది. అచ్చం మన ట్రౌట్ లాగే. నీళ్లు సముద్రం దాకా పోతేనే దానికి దారి. పోయిన నీళ్ల కోసం మొదటి పేజీలో ఏడుస్తారు, రాని చేప కోసం లోపలి పేజీలో ఏడుస్తారు. ఈ రెండూ ఒకే వార్త అని ఎవరూ రాయరు.

నేను ఆనకట్టలకు శత్రువును కాను. మా తాతగారిది గోదావరి డెల్టా. 1852లో పూర్తయిన ధవళేశ్వరం ఆనకట్ట లేకపోతే మా ఇంట్లో అన్నం లేదు, మా నాన్న చదువు లేదు, నేనిక్కడ లేను. కాటన్ దొర విగ్రహానికి దండ వేసేవాళ్లలో నేనూ ఒకణ్ణి. రైతుకు నీళ్లు కావాలి, ఊరికి నీళ్లు కావాలి. ఎంత తీసుకోవాలో కూర్చుని తేల్చుకుందాం. కానీ "వృథా" అన్నాక తేల్చుకోవడానికి ఏమీ మిగలదు. వృథాగా పోయేదాన్ని ఎంతైనా తీసుకోవచ్చు, ఎవర్నీ అడగక్కర్లేదు. ట్రకీ నది దగ్గర పైయూట్లను ఎవరూ అడగలేదు. గోదావరి ఒండ్రు రాకపోతే డెల్టా ఒడ్డును సముద్రం కోసుకుపోతుంది, బావుల్లోకి ఉప్పునీళ్లు వస్తాయి, కోరింగ మడ అడవికి తీపినీళ్లు అందవు. వాళ్లను అడిగారా? ఇంజనీరు గారికి ఇవన్నీ నాకన్నా బాగా తెలుసు. తెలిసీ అలా అన్నారు. అందుకే కోపం.

నిఘంటువు తీసి "పాలు" మళ్లీ చూశాను. మా అక్క చెప్పిన అర్థం ఉంది. దాని కన్నా ముందు ఇంకో అర్థం ఉంది: వాటా, భాగం. పాలు పంచుకోవడంలో ఉన్న పాలు. అన్నదమ్ముల పాలు. శనివారం మేం వడ్డనకు ముందే వంటవాళ్ల పాలు వేరే గిన్నెలో తీసి మూత పెడతాం. ఆఖర్న ఎవరొచ్చి ఎంత అడిగినా ఆ గిన్నె ముట్టుకోం. దాన్ని వృథా అన్నవాణ్ణి నేను ఇంతవరకు చూడలేదు. సముద్రం పాలు అంటే సముద్రం వాటా అని చదివితే ఆ హెడ్డింగులో దుఃఖపడాల్సింది ఏముంది?

పైయూట్లు చేసింది ఇదే. సరస్సు పాలు ఎంతో తేల్చమని ఏళ్ల తరబడి కోర్టుల్లో కూర్చున్నారు. 1983లో సుప్రీంకోర్టులో ఓడిపోయారు. అయినా మానలేదు. 1990లో అమెరికా కాంగ్రెస్ చట్టం చేసింది. ఎగువన స్టాంపీడ్ రిజర్వాయరులో నీళ్లు ఇప్పుడు చేపల లెక్కలో ఉంటాయి, గుడ్లు పెట్టే కాలంలో వదులుతారు. ఇంకో సంగతి: ఎప్పుడో ఎవరో యూటా సరిహద్దులో పైలట్ పీక్ కొండ మీద ఒక చిన్న వాగులో ఈ ట్రౌట్లను వదిలారట. 1970లలో అవి దొరికాయి. మ్యూజియంలో దాచిన పాత చేపలతో డీఎన్‌ఏ పోల్చి చూశారు, కలిసింది. వాటి పిల్లల్ని 2006లో సరస్సులోకి తెచ్చి వదిలారు. 2014లో అవి మళ్లీ ట్రకీ నది ఎక్కి గుడ్లు పెట్టాయి. 1938 తర్వాత మొదటిసారి. డెర్బీ డ్యాము దగ్గర చేపలు కాలువలో పడిపోకుండా 2020లో జల్లెడ కట్టారు. డ్యాము అలాగే ఉంది, అల్ఫాల్ఫా పొలాలూ ఉన్నాయి. ఎవరూ ఆకలితో చావలేదు.

నా గాలానికి పడింది ఆ చేపల సంతానమే అయి ఉండాలి. నేను పర్మిట్‌కు కట్టే డబ్బు ఆ తెగకే పోతుంది. నిచ్చెన మీద నిలబడేవాళ్లలో చాలామందికి ఈ కథ తెలియదు. పెద్ద చేపతో ఫొటో, అంతే. ఎడారిలో వింత సరస్సు అంటారు. వాళ్ల మీదా నాకు కోపమే, కానీ అది ఇంగ్లీషులో రాస్తాను.

నిన్న ఇంజనీరు గారికి ఫోను చేసి ఇదంతా చదివి వినిపించాను. మధ్యలో నా ఒత్తులు రెండు చోట్ల సరిచేశారు. చివరికి, "మరి గోదావరిలో సముద్రం పాలు ఎంత అంటారు? టీఎంసీల్లో చెప్పండి," అన్నారు. నాకు తెలియదండీ, మీరే లెక్క వేయాలి అన్నాను. కాసేపు ఆగి, ఆ డెర్బీ డ్యాము చూడాలని ఉంది అన్నారు. డిసెంబరు మొదటి వారంలో తీసుకెళ్తున్నాను. ఆయనది పదో నంబరు బూటు. మీలో ఎవరి దగ్గరైనా ఆ సైజు వేడర్లు, ఇంకో నిచ్చెన ఉంటే ఒక్క రోజుకు ఇవ్వండి.