ఇంకాస్త కోటా ఇప్పించండి!

ట్విటర్ కొత్తల్లో ప్రోగ్రామర్ల కోసం ఓ దరఖాస్తు ఫారం ఉండేది. బయటివాళ్లు తయారుచేసిన అప్లికేషన్ ఏదైనా సరే, ఆ కంపెనీ సర్వర్లను గంటకు 150 సార్లే సమాచారం అడగాలన్నది ఒక దశలో అక్కడి నిబంధన. 151వసారి అడిగితే తలుపు మూసుకునేది. అంతకుమించి కావాలనుకుంటే తమ అప్లికేషన్ ఏం చేస్తుందో, అన్నిసార్లు ఎందుకు అడగాల్సి వస్తోందో రాసి పంపాలి. నచ్చితే 'వైట్ లిస్టు'లో పేరెక్కేది. కోటా ఒక్కసారిగా గంటకు 20,000కు పెరిగేది! 2011 ఫిబ్రవరిలో ట్విటర్ కొత్త దరఖాస్తులు తీసుకోవడం మానేసింది. అంతే సంగతులు.

ఒక ప్రోగ్రాము ఇంకొకరి సర్వర్ నుంచి సమాచారం తెచ్చుకునే దారినే ఏపీఐ అంటారు. ఆ దారిలో నిమిషానికి ఇన్నిసార్లు, గంటకు ఇన్నిసార్లు అని పెట్టే హద్దు రేట్ లిమిట్. పిసినారితనం కాదది. ఎవరో ఒకరు తప్పుగా రాసిన లూపు చాలు, సెకనుకు వేలసార్లు సర్వర్ తలుపు తట్టడానికి. వీధి కుళాయికి ఒకరు మోటారు బిగిస్తే మిగతా ఇళ్లకు చుక్క రాదు కదా! హద్దు దాటినవారికి సర్వర్ 429 అనే సంఖ్య పంపుతుంది. 'మరీ ఎక్కువసార్లు అడుగుతున్నారు' అని దానర్థం. 2012లో ఇది ఇంటర్నెట్ ప్రమాణాల్లో చేరింది. అంతకుముందు ట్విటర్ సొంతంగా 420 వాడేది. పక్కన 'కాస్త శాంతించండి' అన్న అర్థంలో 1993 నాటి 'డిమాలిషన్ మ్యాన్' సినిమాలోని మాటొకటి జోడించేది. 420 అనగానే మనవాళ్లకు తట్టే అర్థం వేరనుకోండి!

కోటా పెంచమని అడిగేముందు చూసుకోవాల్సింది సొంత ఇల్లే. వెయ్యిమంది వాడే అప్లికేషన్ ఒకటి ఉందనుకుందాం. కొత్త కబురేమైనా వచ్చిందా అని ఒక్కొక్కరి తరఫున నిమిషానికోసారి అడిగితే రోజుకు 14,40,000 పిలుపులు. పావుగంటకోసారి అడిగితే 96,000. వాడేవారికి పెద్దగా తేడా తెలియదు, సర్వర్‌కు మాత్రం బాగా తెలుస్తుంది. ఒకసారి తెచ్చుకున్నది దాచుకుని మళ్లీ వాడుకోవడం, పది ప్రశ్నలను ఒకే పిలుపులో కలపడం, 429 వచ్చాక ఆగమన్నంతసేపు ఆగడం... ఇవేవీ చెయ్యకుండా 'మా అప్లికేషన్‌కు మంచి ఆదరణ ఉంది, దయచేసి పెంచండి' అని రాస్తే చదివే ఇంజినీరుకు కనిపించేది ఆదరణ కాదు, దుబారా. ఒక్కో మనిషికి రోజుకు ఎన్ని పిలుపులు, రద్దీ ఏ వేళల్లో, ఇప్పటికే ఎంత తగ్గించారు అన్న లెక్కలున్న దరఖాస్తుకు బలం ఎక్కువ.

అయితే లెక్క సరిగ్గా ఉంటే కోటా వచ్చేస్తుందా? రాదు. 2012లో ట్విటర్ తన సొంత యాప్‌లాంటివి తయారుచేసేవారికి లక్షమంది వాడకందార్లు మించరాదని కొత్త షరతు పెట్టింది. ఆండ్రాయిడ్ ఫోన్ల కోసం తయారైన 'ఫాల్కన్ ప్రో' 2013లో ఆ హద్దు తాకింది. పెంచమని అడిగితే కుదరదన్నారు. అక్కడ అడ్డొచ్చింది సర్వర్ మీద భారం కాదు, పోటీ.

దీనికి పెద్ద ఉదాహరణ 2023లో కనిపించింది. రెడిట్ చర్చలను ఐఫోన్‌లో చదువుకోవడానికి కెనడా యువకుడు క్రిస్టియన్ సెలిగ్ 'అపోలో' అనే యాప్ నడిపేవాడు. అది నెలకు చేసే పిలుపులు సుమారు 700 కోట్లు. గుండె గుభేలుమంటుంది గానీ, మనిషికి చూస్తే రోజుకు సగటున 345 లోపే. అంతవరకు ఒక్కో వాడకందారుకు నిమిషానికి 60 పిలుపుల వీలుండేదని సెలిగ్ లెక్క. అంటే రోజుకు 86,400. హద్దుకు ఆమడ దూరంలో ఉన్నాడన్నమాట! ఇంతలో రెడిట్ ఏపీఐకి ధర కట్టింది. 5 కోట్ల పిలుపులకు 12,000 డాలర్లు. అపోలోకు ఏడాదికి 2 కోట్ల డాలర్లు పడుతుంది. ఉచితంగా కావాలంటే యాప్ మొత్తానికీ కలిపి నిమిషానికి 100 పిలుపులు. మనిషికి ఉన్న కోటాను యాప్‌కు మార్చేస్తే ఎంత పొదుపరి అయినా చేసేదేముంది? సెలిగ్ బేరమాడాడు, గడువు అడిగాడు. నిరసనగా జూన్ 12న వేల చర్చా విభాగాలు మూతపడ్డాయి. అయినా ధర తగ్గలేదు. జూన్ 30న అపోలో ఆగిపోయింది.

ఆ గొడవలోనే ఒక విన్నపం మాత్రం ఫలించింది. చూపులేనివారు రెడిట్ సొంత యాప్‌తో ఇబ్బంది పడుతూ, తెరమీది అక్షరాలను చదివి వినిపించే సాఫ్ట్‌వేర్‌తో చక్కగా కలిసే బయటి యాప్‌లనే నమ్ముకునేవారు. అవీ పోతే తమకు దారే ఉండదని వాళ్లు గట్టిగా మొరపెట్టుకున్నారు. లాభాపేక్ష లేకుండా ఆ అవసరం తీర్చే యాప్‌లకు రెడిట్ మినహాయింపు ఇచ్చింది. రెడ్‌రీడర్, డిస్టోపియా అలా బతికి బయటపడ్డాయి. జులై 1న అపోలో తెరిచినవారికి ఏమీ రాలేదు. ఆ రెండూ మాత్రం ఎప్పటిలా చదివి వినిపించాయి.