అటవీశాఖ పెట్టిన మంట కట్టు తప్పితే?

అడవిలో ఎండుటాకు, పొదలు, విరిగిపడిన కొమ్మలు ఏళ్ల తరబడి పేరుకుపోతే వేసవిలో రేగే కార్చిచ్చుకు అవే మేత. అందుచేత చల్లని రోజుల్లో, గాలి చూసుకుని, చుట్టూ గీత తీసి సిబ్బందే దగ్గరుండి ఆ చెత్తను కాల్చివేసే పద్ధతి అమెరికాలో ఎప్పటినుంచో ఉంది. ఏటా సగటున 4,500 చోట్ల ఇలా నిప్పు పెడతామని, వెయ్యింటికి ఒకటి రెండు మాత్రమే గీత దాటుతాయని అక్కడి కేంద్ర అటవీశాఖ 2022లో చెప్పింది. లెక్క బాగానే ఉంది. ఆ ఒక్కటి ఎంత పని చేస్తుందో న్యూ మెక్సికో రాష్ట్ర రైతులు అదే ఏడాది చూశారు.

2022 ఏప్రిల్ 6న శాంటా ఫే జాతీయ అడవిలో పెట్టిన మంట గాలి విసురుకు చేయి దాటింది. దగ్గరలోనే మరో చోట, జనవరిలో కాల్చిన కట్టె కుప్పల్లో ఆరిందనుకున్న నిప్పు, మూడుసార్లు మంచు కురిసినా అడుగున రగులుతూనే ఉండి ఏప్రిల్‌లో లేచింది. నివురుగప్పిన నిప్పని మనం మాటవరసకు అంటాం, అక్కడ అక్షరాలా జరిగింది. 22న రెండు మంటలూ కలిశాయి. 3 లక్షల 41 వేల ఎకరాలు మాడిపోయాయి. ఆ రాష్ట్ర చరిత్రలో అంత పెద్ద కార్చిచ్చు లేదు. వందల ఇళ్లు కాలిపోయాయి. తర్వాత పడిన వానలకు బూడిద, మట్టి కొట్టుకువచ్చి రైతులు ఉమ్మడిగా బాగుచేసుకునే పాతకాలపు పంట కాలువలు పూడిపోయాయి. లాస్ వేగాస్ అనే చిన్న పట్టణానికి (జూదానికి పేరుమోసిన నగరం కాదు) తాగునీరిచ్చే ఏరు చెడిపోయింది.

ఇది మొదటిసారి అయితే సరిపెట్టుకోవచ్చు. అదే రాష్ట్రంలో 2000 మే నెలలో జాతీయ పార్కుల శాఖ పెట్టిన మంట లాస్ అలమోస్ పట్టణం మీద పడి 400కు పైగా కుటుంబాలు నిలువ నీడ కోల్పోయాయి. ప్రణాళికను పైఅధికారులు సరిగా పరిశీలించలేదని, మంట తప్పితే ఆదుకునే సిబ్బందిని సిద్ధంగా ఉంచలేదని నాటి విచారణలో తేలింది. నిబంధనలు బిగించారు. మరి 22 ఏళ్ల తర్వాత మళ్లీ ఎందుకు తప్పింది?

2022 జూన్‌లో వెలువడిన సమీక్షలో జవాబు ఉంది. ఈసారి కాగితాలు లేకపోలేదు, ప్రణాళిక ఉంది. అయితే అది 2019లో రాసినది. కరువు వల్ల అడవి ఎంతగా ఎండిపోయిందో సిబ్బంది తక్కువగా అంచనా వేశారు. వాయిదాలు పడుతూ వచ్చిన పనిని ఎలాగైనా పూర్తిచేయాలన్న ఒత్తిడి వారిమీద ఉంది. లక్ష్యాలు, ఎకరాలు, నెలాఖరు నివేదికలు ఉన్న ప్రతి శాఖకూ ఈ జబ్బు తెలిసినదే.

అటవీశాఖ అధిపతి మే 20న దేశమంతటా ఇలాంటి మంటలను 90 రోజులు నిలిపివేశారు. సెప్టెంబరులో కొత్త నియమాలు వచ్చాయి. నిప్పు పెట్టే అనుమతి 24 గంటలకే చెల్లుతుంది. పాత సంతకం మరునాటికి పనికిరాదు. సిబ్బంది అలసట, అనుభవం, వారిపై ఒత్తిడి ముందే బేరీజు వేయాలి. మంట ఆరిందన్న నిర్ణయాన్ని తేలికగా తీసుకోరాదు. కుప్పల కింద దాగిన నిప్పు నేర్పిన పాఠం ఇదేనని వేరే చెప్పనక్కరలేదు.

ఇలాంటి సమీక్షల ఉద్దేశం శిక్ష కాదు, తప్పు ఎక్కడ జరిగిందో తెలుసుకోవడమని శాఖ అంటుంది. అందులో న్యాయం ఉంది. ఉద్యోగం పోతుందన్న భయముంటే ఎవరూ నిజం చెప్పరు. కాని అదే ఏడాది అక్టోబరులో ఆరెగాన్ రాష్ట్రంలో మంట పక్క పశువుల రైతు భూమిలోకి పాకితే, స్థానిక పోలీసు అధికారి ఆ పని నడిపిస్తున్న అటవీ ఉద్యోగిని అక్కడే అరెస్టు చేశాడు. ఇల్లు కాలినవాడికి సమీక్ష పుస్తకంతో కడుపు నిండదు కదా!

న్యూ మెక్సికో బాధితులకు అమెరికా పార్లమెంటు 2022లోనే రెండు విడతలుగా 395 కోట్ల డాలర్లు కేటాయించింది. చేతికి రావడంలో మాత్రం తీవ్ర జాప్యం జరిగింది. కంచెలు, చెట్లు, కాలువలు పోయినవారు రుజువులు పట్టుకుని కార్యాలయాల చుట్టూ తిరిగారు. తాతల నాటి భూములకు సరైన పత్రాలు లేని కుటుంబాలకు ఆ తిరుగుడు మరీ ఎక్కువైంది.